వేషం వేసేది ఒకరు, చూసేది వేయిమంది

డిసెంబరు నెల వచ్చిందంటే మన విచారణలన్నింటిలో ఒకటే సందడి. నక్షత్రాలు కడతారు, పశువుల పాక వేస్తారు, గాయక బృందం రాత్రిళ్లు పొద్దుపోయేదాకా సాధన చేస్తుంది. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూలు చుట్టుపక్కల ఏ చిన్న పల్లెలోనైనా క్రీస్తు జయంతి సాయంత్రం పిల్లల నృత్యాలు లేకపోతే పండుగ పూర్తయినట్టు ఎవరికీ అనిపించదు.

ఆ నృత్యాలకు వేసే దుస్తుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంటింటా చిన్నపాటి సభ జరుగుతుంది. తల్లికి తళుకులు కావాలి. తండ్రికి పొడుగు కావాలి. నాయనమ్మకు చేతులు కప్పి ఉండాలి. పిల్లకు మాత్రం పక్కింటి పిల్ల వేసుకున్నట్టే ఉండాలి! ఈ చర్చ అంతా రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఒకటి, చూడడానికి బాగుందా? రెండు, మర్యాదగా ఉందా? రెండూ అవసరమైన ప్రశ్నలే. కాని ప్రియ పాఠకులారా, కాస్త గమనించండి. ఈ రెండూ చూసేవారి వైపు నుండి పుట్టినవే. ఒకటి చూసేవారి కంటికి ఇంపు గురించి, మరొకటి చూసేవారి మనసుకు ఇబ్బంది గురించి. వేసుకున్న బిడ్డకు ఆ దుస్తులు ఏం చేస్తాయి? వాటిని నేసినవారికి, కుట్టినవారికి ఏం మిగిలింది? ఈ మూడో ప్రశ్నను మనం సాధారణంగా అడగము. అది అడగనందువల్ల ఏమేం జరుగుతుందో తెలుసుకోవడానికి నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లవలసి ఉంది.

తెల్లని మేఘంలాంటి గౌను

ఇంగ్లండును విక్టోరియా మహారాణి పరిపాలించిన 1837 నుండి 1901 వరకు గల కాలాన్ని విక్టోరియా యుగం అంటారు. ఆ రోజుల్లో ఐరోపా నగరాలన్నిటినీ మురిపించిన కళ బ్యాలే నృత్యం. 1832లో పారిస్ నగరంలో మరీ టాలియోని అనే నర్తకీమణి ‘లా సిల్ఫీద్’ అనే నృత్య నాటికలో తెల్లటి పలుచని గౌను ధరించి ఆడింది. నడుము దగ్గర బిగువుగా ఉండి, కిందికి గంటలా విచ్చుకుని, మోకాలికీ చీలమండకూ మధ్య ఆగిన ఆ గౌనులో ఆమె కాలి మునివేళ్లపై నిలబడితే నేలకు తగలకుండా తేలుతున్నట్టు కనిపించిందట. అప్పటి నుండి నర్తకి అంటే తెల్లని మేఘం అనే భావన స్థిరపడిపోయింది.

ఆ మేఘాన్ని తయారు చేసింది బట్టే. మస్లిన్, టార్లెటాన్ అనే పలుచని నూలు బట్టలు, గాజు గుడ్డలాంటి జాలీ, ఇవన్నీ పొర మీద పొరగా కుట్టేవారు. వేదిక ముందు వరసగా నూనె దీపాలు, తరువాత గ్యాసు దీపాలు వెలుగుతూ ఉండేవి. ఆ వెలుగు పలుచని బట్టలో నుండి ప్రసరిస్తే చూపరులకు కన్నుల పండుగ. బట్ట ఎంత పలుచనైతే అంత అందం. పొరలు ఎన్ని ఎక్కువైతే అంత మెరుపు.

అయితే పలుచని నూలు బట్ట, పొరల మధ్య గాలి, పక్కనే మండుతున్న దీపం. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో వంటింట్లో పని చేసే ఏ తల్లికైనా వేరే చెప్పనక్కరలేదు.

మంటల్లో మాడిన నర్తకులు

1844 డిసెంబరు 14న లండనులోని డ్రూరీ లేన్ రంగశాలలో క్లారా వెబ్‌స్టర్ అనే యువతి ఆడుతుండగా వేదిక మీది దీపం ఆమె గౌనుకు అంటుకుంది. ప్రేక్షకుల కళ్లముందే ఆమె మంటల్లో చిక్కుకుంది. మూడు రోజులకు చనిపోయింది. 1861 సెప్టెంబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కాంటినెంటల్ రంగశాలలో దుస్తులు మార్చుకునే గదిలో ఒక నర్తకి బట్టలకు నిప్పంటుకుంది. కాపాడబోయిన వారి గౌనులూ అంటుకున్నాయి. గేల్ కుటుంబపు అక్కచెల్లెళ్లతో సహా పలువురు నర్తకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చెల్లెలిని కాపాడడానికి అక్క పరుగెత్తితే అక్క కూడా కాలిపోయే బట్టలవి!

అన్నింటికన్నా మనసును కలచివేసేది ఎమ్మా లివ్రీ కథ. ఆమె పారిస్ ఒపేరాకు చెందిన నర్తకి. ఎంత ప్రతిభావంతురాలంటే, వెనకటి తరపు మహానర్తకి టాలియోని స్వయంగా ఆమెకు శిక్షణ ఇచ్చింది. అప్పటికే బట్టలకు సులభంగా మంటలు అంటుకోకుండా చేసే విధానం తెలుసు. గే-లుసాక్ అనే శాస్త్రవేత్త 1821లోనే కొన్ని లవణాల ద్రావణంలో బట్టను ముంచితే త్వరగా మండదని చూపించాడు. 1859లో కార్తెరోన్ అనే వ్యక్తి పద్ధతిని రంగశాలల్లో వాడాలని ఫ్రాన్సు ప్రభుత్వం ఆదేశించింది కూడా. కాని ఆ ద్రావణంలో ముంచిన బట్ట బిరుసెక్కేది. తెలుపు పోయి మసకబారేది. మేఘం కాస్తా గోనె సంచిలా కనిపించేది. ఎమ్మా లివ్రీకి అది నచ్చలేదు. తాను మామూలు గౌనులోనే ఆడతానని, జరిగేదానికి బాధ్యత తనదేనని 1860లో ఒపేరా నిర్వాహకునికి రాసి ఇచ్చింది.

1862 నవంబరు 15న సాధన సమయంలో పక్క తెరల దగ్గర ఉన్న గ్యాసు దీపం ఆమె గౌనును తాకింది. ఆమెకు అప్పటికి ఇరవై ఏళ్లు. ఎనిమిది నెలల పాటు నరకయాతన అనుభవించి 1863 జూలై 26న కన్నుమూసింది. కాలిపోగా మిగిలిన ఆమె దుస్తుల పేలికలను పారిస్ ఒపేరా ప్రదర్శనశాలలో భద్రపరిచారు.

తప్పు ఎవరిది?

ఇక్కడే మన నైతిక ప్రశ్న మొదలవుతుంది. ఎమ్మా లివ్రీ మరణానికి బాధ్యులు ఎవరు?

“ఆమే” అని చాలామంది వెంటనే అంటారు. హెచ్చరించారు, మార్గం చూపించారు, వినలేదు, కాగితం మీద సంతకం కూడా పెట్టింది. చేతులారా చేసుకున్నదానికి ఎవరేం చేస్తారు? ఈ జవాబులో కొంత నిజం లేకపోలేదు. ఆమె చిన్నపిల్ల కాదు. దేవుడిచ్చిన ప్రాణాన్ని అందం కోసం పణంగా పెట్టడం సరికాదు.

కాని అక్కడితో ఆగిపోతే నిజంలో సగమే చెప్పినట్టు. ఆ తెల్లదనం ఎవరికి కావాలి? మసకబారిన గౌనుతో వేదిక ఎక్కిన నర్తకిని చూసి పెదవి విరిచేది ఎవరు? మరునాడు పత్రికలో ఆమె తేలిపోయిందని రాసేది ఎవరు? టిక్కెట్ల డబ్బు ఎవరి పెట్టెలోకి వెళుతుంది? ఎమ్మా లివ్రీ తన ఇష్టంతోనే ఆ గౌను ఎంచుకుంది. కాని ఆ ఇష్టాన్ని తయారు చేసింది వేయి జతల కళ్లు. తనను మేఘంలా చూడాలనుకున్నవారి ముందు గోనె సంచిలా నిలబడడానికి ఇరవై ఏళ్ల పిల్లకు ఎంత ధైర్యం కావాలి?

మరి ఆ సంతకం సంగతి? ఒక మనిషి తన మీద తాను అపాయం తెచ్చుకోవచ్చు. కాని ఆ అపాయం వల్ల లాభపడే మరొక మనిషి “కాగితం రాసిచ్చింది కదా” అని చేతులు కడుక్కోవచ్చునా? ఈనాటికీ పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్లే ముందు “ఏం జరిగినా మాదే బాధ్యత” అని తల్లిదండ్రులతో సంతకం పెట్టించుకునే వాడుక ఉంది. ఆ కాగితం గొడవల నుండి కొందరిని కాపాడవచ్చునేమో గాని, అంతరాత్మ ముందు దానికి విలువ లేదు. ఆపగల అధికారం ఉండి ఆపనివాడు సంతకం చాటున దాక్కోలేడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఎమ్మా లివ్రీ పేరున్న నర్తకి కాబట్టి కనీసం ఎంచుకోగలిగింది. ఆమె వెనుక వరసల్లో ఆడిన పేదపిల్లల మాటేమిటి? పారిస్ ఒపేరాలో శిక్షణ పొందే పేద బాలికలను చిట్టెలుకలని పిలిచేవారు. చాకలి పని, కుట్టుపని చేసుకునే తల్లుల బిడ్డలు వారిలో ఎందరో. చిత్రకారుడు డెగా 1881లో ప్రదర్శించిన పధ్నాలుగేళ్ల చిన్న నర్తకి బొమ్మ గురించి కొందరు వినే ఉంటారు. మైనంతో చేసిన ఆ బొమ్మకు ఆయన నిజమైన బట్ట గౌను తొడిగాడు. దానికి నమూనాగా నిలబడిన మరీ వాన్ గోతెం ఒక చాకలి స్త్రీ కూతురే. అలాంటి పిల్ల “ఈ గౌను నాకు వద్దు” అంటే మరునాడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదా?

కాబట్టి ఒక న్యాయమైన కొలత ఇలా ఉండాలి. ఎవరికి ఎక్కువ స్వేచ్ఛ ఉందో, ఎవరికి ఎక్కువ లాభం ఉందో వారికే ఎక్కువ బాధ్యత. లోకం మాత్రం ఈ కొలతను తలకిందులుగా వాడుతుంది. అందరికంటే తక్కువ స్వేచ్ఛ ఉన్నవారి మీదనే అందరికంటే ఎక్కువ నింద వేస్తుంది.

గౌను కొలిచినవారు, మనిషిని చూసిన గురువు

ఆ రోజుల్లో బ్యాలే దుస్తుల మీద దేవాలయాల్లోను, పత్రికల్లోను చర్చలు జరగకపోలేదు. కాని ఆ చర్చ ఎక్కువగా గౌను పొడుగు గురించే. కాళ్ల కదలిక కనబడాలని గౌను ఏటికేడు పొట్టిదవుతూ వచ్చింది. ఇది లజ్జాకరమని పెద్దలు కోప్పడ్డారు. అది కాల్చి చంపుతున్నదని అరిచినవారు వారికంటే తక్కువ.

ఈ సందర్భంలో లండనులో ఆంగ్లికన్ సంఘానికి చెందిన స్టీవర్ట్ హెడ్లం అనే గురువును తలచుకోవాలి. ఆయన కతోలికుడు కాడు. అయినా ఆయన చేసిన పని మనకు ఆలోచన కలిగించేదే. బెత్నల్ గ్రీన్ అనే పేదల పేటలో సహాయ గురువుగా ఉంటూ, నాటకశాలల్లో పనిచేసే స్త్రీలు కూడా దేవుని బిడ్డలేనని, వారి కళలో మంచి ఉందని 1877లో ఉపన్యసించాడు. ఫలితంగా 1878లో ఆయన పదవి పోయింది. మరుసటి ఏడు, అంటే 1879లో, దేవాలయానికీ రంగస్థలానికీ మధ్య స్నేహం కోసం ఒక సంఘాన్ని స్థాపించాడు. నర్తకులను గౌరవంగా ఆహ్వానించి, గురువుల పక్కన కూర్చోబెట్టి మాట్లాడించాడు.

ఆయనను వ్యతిరేకించినవారంతా చెడ్డవారని అనుకోరాదు. వారి భయానికి కారణం ఉంది. పారిస్ ఒపేరాలో నర్తకులు సిద్ధమయ్యే గదిలోకి ధనవంతులైన చందాదారులు యథేచ్ఛగా వచ్చేవారు. పేదపిల్లల బ్రతుకులతో ఆడుకునేవారు. ఆ చెడును చూసి బాధపడడం న్యాయమే. అయితే చందాదారుని గదిలోకి రానివ్వకుండా ఆపడానికి బదులు, నర్తకిని దేవాలయంలోకి రానివ్వకుండా ఆపితే రోగం ఒకచోట, మందు ఒకచోట అయినట్టు కాదా? హెడ్లం చేసినదల్లా ఒక్కటే. గౌనును కొలవడానికి ముందు అది తొడుక్కున్న మనిషి పేరు అడిగాడు.

అదే కాలంలో మన గడ్డ మీద

ఇదంతా ఎక్కడో దొరల దేశపు కథ అని తోసివేయడానికి వీలులేదు. 1838లో పుదుచ్చేరి సమీపంలోని తిరువెందిపురం నుండి దేవదాసీలను పారిస్‌కు, లండనుకు తీసుకువెళ్లి ఆడించారు. వారి చీరలను, నగలను చూడడానికి జనం ఎగబడ్డారు. 1877లో రష్యాలో ‘లా బయదేర్’ అనే బ్యాలే వచ్చింది. అందులో కథానాయిక భారతీయ దేవాలయ నర్తకి. అంటే మన నర్తకి వేషం వారి వేదిక మీద అందమైన కల అయింది. మరి ఇక్కడ మన నర్తకి ఏమయింది?

అదే సమయంలో తెలుగునాట భోగం మేళాల మీద పెద్ద ఉద్యమం నడిచింది. పెళ్లిళ్లలో, విందుల్లో మేజువాణీలు పెట్టించడం గొప్పింటివారికి హోదాగా ఉండేది. కందుకూరి వీరేశలింగం పంతులు దీనిని తీవ్రంగా ఖండించారు. 1893లో మద్రాసు సంఘ సంస్కర్తలు ఇలాంటి మేజువాణీలకు హాజరు కావద్దని వైస్రాయికి, గవర్నరుకు విన్నపం పంపారు. వారు ఆ విన్నపాన్ని అంగీకరించలేదు. సంస్కర్తల ఉద్దేశం మంచిది. పసిపిల్లలను ఆ వృత్తిలోకి నెట్టడం ఘోరమే. అది ఆగవలసిందే.

కాని ఆ నింద ఎవరి మీద పడిందో చూడండి. మేళం పెట్టించిన జమీందారు జమీందారుగానే మిగిలాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి పెద్దమనిషిగానే మిగిలాడు. ఆడిన స్త్రీ మాత్రం అటు జీవనోపాధినీ ఇటు పేరునూ పోగొట్టుకుంది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ నాటకంలో గురజాడ ఈ సంగతిని ఎంత సూక్ష్మంగా పట్టుకున్నారో! ఆ నాటకంలో పెద్దమనుషులమని చెప్పుకునేవారి కంటే మధురవాణికే మనసూ వివేకమూ ఎక్కువ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం మరొక దారి చూపింది. అక్కడ భార్యలు, కూతుళ్లు, కోడళ్లు కుటుంబంతో కలిసి వేదిక ఎక్కారు. అదే రంగు, అదే జరీ చీర, అదే కిరీటం. కాని చుట్టూ తన మనుషులున్న స్త్రీని లోకం వేలెత్తి చూపలేకపోయింది. తేడా వేషంలో లేదు. ఆ వేషానికి వెనుక నిలబడినవారిలో ఉంది.

మన పాలమూరు నేలకు వస్తే ఈ కథ ఇంకా చేదుగా ఉంటుంది. జోగిని ఆచారం పేరుతో, ముఖ్యంగా దళిత కుటుంబాల్లోని ఆడపిల్లలను దేవత పేరు చెప్పి ఊరికి అప్పగించారు. జాతరల్లో, శవయాత్రల్లో వారిచేత ఆడించారు. వారికి కట్టించిన చీర, పూసిన పసుపు అలంకారాలు కావు, ముద్రలు. ఈ దురాచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో చట్టం చేసింది. కాని ఆ చట్టం వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా, ఊళ్లో వేలెత్తి చూపింది ఎవరిని? ముడుపు కట్టినవారినా? ఆడించి చూసినవారినా? కాదు, ఆ పిల్లనే. ఆ తల్లుల బిడ్డలకు బడిలో తండ్రి పేరు రాయించడమే ఒక పరీక్ష అయింది. ఎమ్మా లివ్రీకి కనీసం కాగితం మీద సంతకం పెట్టే అవకాశం ఉండేది. ఈ పసిపిల్లలను అడిగినవారే లేరు.

నేసిన చేతులు

వేసుకున్నవారి సంగతి చూశాం. తయారు చేసినవారి సంగతి కూడా చూడాలి. విక్టోరియా కాలంలో ఆకుపచ్చ రంగు కోసం ఆర్సెనిక్ అనే విషం కలిపిన పొడి వాడేవారు. గౌనులకు, తలలో పెట్టుకునే కాగితపు పూలకు ఆ పొడి అద్దేవారు. 1861లో లండనులో మటిల్డా షూరర్ అనే పంతొమ్మిదేళ్ల పనిపిల్ల ఆ పొడి పీల్చిపీల్చి చనిపోయింది. ఆమె చేసిన ఆకులు ఎవరి తలలో మెరిశాయో, ఆమె పేరు వారికి తెలియదు. అలాగే, నర్తకిని మేఘంలా చూపించిన ఆ పలుచని నూలు బట్టలకు పూర్వం మన దేశపు చేనేతే పెట్టింది పేరు. ఆ శతాబ్దంలో లాంకషైర్ మిల్లులు చౌకగా బట్ట కుమ్మరించేసరికి మన దేశంలో ఎందరో నేతగాళ్ల మగ్గాలు మూగబోయాయి.

మన ప్రాంతంలో కొన్ని మగ్గాలు నిలిచాయి. గద్వాల సంస్థానం ఆదరణలో ఎదిగిన చీర ఈనాడు దేశమంతటా తెలుసు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు, జరీ. రాజోలిలోను, అయిజలోను, అమరచింతలోను గుంట మగ్గం మీద కూర్చున్నవారిని అడగండి, ఆ అంచు కలపడం ఎంత కష్టమో చెబుతారు. అంచుకు వేరే నాడె, ఒంటికి వేరే నాడె. ప్రతి వరసలోను అంచు పేకను ఒంటి పేకతో పెనవేయాలి. ఒక్కచోట పెనవేయడం తప్పితే అక్కడే చీర విడిపోతుంది. అందుకే ఆ పనికి పక్కన మరొక చేయి సాయం ఉండాలి. అది తరచుగా ఇంటి ఆడవారిదో, ఎదిగే పిల్లలదో అవుతుంది. కండెలు చుట్టేదీ వారే. చీర బాగుందని మెచ్చుకునేవారికి ఆ చేతులు కనబడవు. బేరమాడేటప్పుడు మాత్రం వంద రూపాయలు తగ్గించమని ఆ చేతుల నుండే లాగుతాం.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. “ఇలా ప్రతి అందం వెనుకా ఎవరి కన్నీళ్లో వెతుక్కుంటూ పోతే మనిషి పండుగ చేసుకోవద్దా? పిల్ల నాట్యం చూసి సంతోషించడం కూడా పాపమేనా?” కానే కాదు. అందం పాపం కాదు. నాట్యం పాపం కాదు. పొలాల్లో పూచే పూలకు అంత సొంపైన వస్త్రాలు తొడిగిన దేవుడు మన పిల్లల రంగుల పావడాలను చూసి కోపగించుకోడు. ఇక్కడ ప్రశ్న అందాన్ని మానివేయడం గురించి కాదు. ఆ అందానికి వెల ఎవరు చెల్లిస్తున్నారో తెలుసుకుని, ఆ వెల బలహీనుల మీద పడకుండా చూడడం గురించి. తెలియక చూసినవారికి తప్పు తక్కువ. తెలిసి కూడా కళ్లు మూసుకున్నవారికి తప్పు ఎక్కువ.

“మరి మర్యాద సంగతి?” అని ఇంకొకరు అడగవచ్చు. మర్యాద తప్పక ఉండాలి. కాని మర్యాద అంటే మూరలతో కొలిచేది మాత్రమే కాదు. మనిషిని వస్తువుగా చూడకపోవడమే మర్యాదకు పునాది. నిండా కప్పిన దుస్తుల్లో ఉన్న పిల్లను కూడా చెడుచూపు చూడవచ్చు. కాబట్టి కప్పుకోవడం ముందుగా చూసేవారి కంటి దగ్గర మొదలుకావాలి. “ఈ బట్టలు వేసుకుంటే నాకు సిగ్గుగా ఉందమ్మా” అని బిడ్డ అంటే, “అందరూ వేసుకున్నారు, నీకేమయింది?” అని కసరకుండా వినడం కూడా మర్యాదే. పొడుగ్గా, మర్యాదగా కనిపిస్తూ ఒంటికి అపాయం తెచ్చే దుస్తులు కూడా నిజానికి మర్యాద గల దుస్తులు కావు.

మన వేదిక దగ్గర చేయదగినవి

ఆలోచన ఆచరణలోకి రాకపోతే ప్రయోజనం లేదు. కనుక మన పండుగ వేదిక గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మొదటిది నిప్పు. దేవదూతల రెక్కలకు జాలీ గుడ్డ, గొర్రెపిల్లలకు దూది, క్రిస్మస్ తాతకు దూది గడ్డం, పక్కనే చేతిలో వెలిగే కొవ్వొత్తి. ఇది 1862 నాటి పారిస్ వేదికకు ఏమీ తీసిపోదు! అద్దెకు తెచ్చే మెరుపు దుస్తులు చాలావరకు కృత్రిమ దారంతో చేసినవి. అవి మండితే కరిగి చర్మానికి అంటుకుపోతాయి. నూలైతే భయం లేదని కూడా అనుకోరాదు. పలుచని నూలు జాలీ క్షణాల్లో మండుతుంది. దగ్గరగా నేసిన మందపాటి నూలు కొంత నయం. పిల్లల చేతికి కొవ్వొత్తికి బదులు బ్యాటరీ దీపం ఇవ్వండి. వేదిక పక్కన నీళ్ల బకెట్లు, ఒక మందపాటి గొంగళి ఉంచండి. పొరపాటున అంటుకుంటే పిల్లను పరుగెత్తనివ్వకుండా పడుకోబెట్టి, గొంగళి చుట్టి మంటను ఆర్పండి. కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు చల్లని నీళ్లు పోస్తూ ఆసుపత్రికి సిద్ధం చేయండి. సిరా, టూత్‌పేస్టు వంటివి పూయకండి.

రెండవది ఖర్చు. ఒక్క సాయంత్రం దుస్తులకు అద్దె కట్టలేక ఏ కూలి తల్లి బిడ్డా వెనుకబడకూడదు. “డబ్బు కట్టినవారికే ముందు వరస” అనే పద్ధతి పశువుల పాకలో పుట్టిన బాలయేసు ముందు ఎలా చెల్లుతుంది? ఇంట్లో ఉన్న పావడా, లంగాఓణీ, అమ్మ పాత నేతచీర చాలు. నాట్యం పిల్ల కాళ్లలో ఉంది గాని అద్దె కొట్టులో లేదు.

మూడవది మాట. వేదిక దిగిన తరువాత ఏ పిల్ల రూపం గురించీ, రంగు గురించీ, వేషం గురించీ తేలికగా మాట్లాడకండి. కార్యక్రమాన్ని సెల్‌ఫోన్లలో తీసి ఊరంతా పంపే ముందు ఆ పిల్ల తల్లిదండ్రులను ఒక్క మాట అడగండి. వేదిక ముందు వందమంది ఉంటే ఆ ఫోన్లలో వేలమంది ఉంటారు. ఎవరు చూస్తారో, ఏమనుకుంటారో మన చేతిలో ఉండదు.

చివరిది పెద్దల పాత్ర. బిడ్డకు అందరికంటే తక్కువ స్వేచ్ఛ. పాట ఎంచేది మనం, దుస్తులు తెచ్చేది మనం, చప్పట్లు కొట్టేదీ మనమే. కాబట్టి ఏ పొరపాటు జరిగినా ఆ బాధ్యత మనదే గాని వేదిక మీద నిలబడిన ఆ చిన్నారిది కాదు. “అదే అడిగింది, అందుకే తెచ్చాం” అనే మాట ఒపేరా నిర్వాహకుడు దాచుకున్న సంతకపు కాగితం లాంటిదే.

ప్రియ తల్లిదండ్రులారా, ఈ ఏడు మీ బిడ్డకు పండుగ దుస్తులు కొనేటప్పుడో, అద్దెకు తెచ్చేటప్పుడో మూడు ప్రశ్నలు వేసుకోండి. బాగుందా? మర్యాదగా ఉందా? బిడ్డకు క్షేమమేనా, చేసినవారికి న్యాయమేనా? మొదటి రెండింటికీ ఊరంతా జవాబు చెబుతుంది. మూడోదానికి మాత్రం మీరే జవాబు చెప్పుకోవాలి. దానిని ముందుగా అడగడం అలవాటు చేసుకుంటే మిగతా రెండింటికీ సరైన జవాబు వాటంతట అదే దొరుకుతుంది.